దేవమాత ఉన్న ఇంటికి గడియ వేయరు

సాన్ ఇసిద్రో, సిగ్‌సిగ్ దారి
మే 23, మంగళవారం

తమ్ముడు క్లేవెర్‌కి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. మచాలా ఎండలకి మాడిపోకుండా ఆ తల్లి నీకు నీడ పట్టాలి. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఆవు ఈనింది, పెయ్యదూడ. మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది. వానలు తగ్గితే అదీ తగ్గుతుంది.

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. దీంతోపాటు ఇంట్లో చేసిన చీజ్ గడ్డ, ఉడకబెట్టిన మొక్కజొన్న ఒక సంచిలో కట్టాను. సంచి తిరిగి పంపు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. నా ఫోన్‌ని మన ఇంటి వైఫైలోకి రానివ్వకుండా చేసింది నువ్వే. వాగుకి మన వైపు సిగ్నల్ కావాలంటే శ్మశానం గుట్ట ఎక్కాలి. నిన్న ఎక్కాను. నువ్వు నన్ను మాట్లాడనివ్వలేదు. "దొంగలక్కా, ఇంటినిండా దొంగలు" అని అరుస్తూనే ఉన్నావు. అమ్మ సమాధి పక్కన నిలబడి ఆ మాట వినడం నాకు బాగా అనిపించలేదు. సమాధుల మీద పూలు మార్చడానికి వచ్చినవాళ్ళు కూడా విన్నారు. కాగితమైతే నాకు అడ్డు తగలవు. అందుకని రాస్తున్నాను. చివరిదాకా చదువు. చివరిదాకా అంటే చివరిదాకా.

ఈ నెల మొదట్లో దేవమాత విగ్రహం ఇల్లిల్లూ తిరుగుతూ మన ఇంటికి వచ్చింది. మూడు రాత్రులుండి వాగు అవతల సొయిలా అమ్మమ్మ ఇంటికి వెళ్ళాలి. రెండో రాత్రి పడ్డ వాన వంతెనని ఊడ్చుకుపోయింది. అప్పటినుంచి తల్లి మన ముందు గదిలోనే, అమ్మ కుట్టుమిషను బల్ల మీదే ఉంది. ఆవిడకి విసుగు లేదు. నాకే వస్తోంది, దేవుడు క్షమించాలి. రోజూ సాయంత్రం ఇంటినిండా జనం. అందరికీ కాఫీ, రొట్టె. గడ్డి టోపీ అల్లుదామని కూర్చుంటే గడ్డి చేతిలోనే ఎండిపోతోంది.

అయినా ఒక్కరిని కూడా రావద్దనలేదు. దేవమాత ఉన్న ఇంటికి గడియ వేయరు. వచ్చినవాళ్ళని మీరెవరని అడగరు. ఇది నీకు నేను చెప్పాలా? నీ చిన్నప్పుడు, పశువుల దొంగ అని ఊరంతా వేలెత్తి చూపించే మనిషి వచ్చి మన బెంచీ మీద కూర్చుంటే అమ్మ ఏం చేసింది? కాఫీలో చక్కెర ఎంత వేయమంటావని అడిగింది. అంతే అడిగింది.

ఇక వైఫై సంగతి. జపమాల చెప్పించేది సొయిలా అమ్మమ్మ. ఆవిడ అవతలి గట్టున ఉండిపోయింది. అక్కడ సిగ్నల్ ఉంది కనక మనవరాలు వీడియో కాల్ చేసి ఫోన్ పట్టుకుంటుంది. అమ్మమ్మ అక్కడ మొదలుపెడితే మేమిక్కడ నా ఫోన్‌లో చూస్తూ అందుకుంటాం. మాకు సిగ్నల్ లేదు కనక మా వైపు అంతా క్రిస్మస్‌కి నువ్వు బిగించిన ఆ వైఫై డబ్బా మీదే. ఎత్తుగా పెట్టమన్నావు. ఇంట్లో ఎత్తైన చోటు పునీత అంతోనీ గారి విగ్రహం ఉన్న గూడే. ఆయన కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు. నువ్వు మాత్రం ఎవరికీ చోటివ్వలేదు.

వచ్చినవాళ్ళలో కొందరు తమ ఫోన్లు కూడా కలిపిన మాట నిజం. మంచం దిగలేని ముసలివాళ్ళు ఇంటింటా ఉన్నారు. వాళ్ళకి తల్లిని చూపించాలి. పాస్‌వర్డ్ నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మ పేరు పెట్టావు. ఈ లోయలో అమ్మ పేరు తెలియనిదెవరికి?

నువ్వేమో మచాలాలో కూర్చుని, నీ ఫోన్‌లో మన ఇంట్లో ఎవరెవరి ఫోన్లు కలిశాయో చూసుకుంటూ, తెలియనిదాన్నల్లా ఆపేయడం మొదలుపెట్టావు. అరటిపండ్ల షెడ్లకి కాపలా కెమెరాలు బిగించే పని నీది. ఆ పని నీ తలకెక్కింది.

పోయిన వారం ఏం జరిగిందో విను. జపమాలలో మూడో దేవరహస్యం దగ్గర ఉన్నాం. సొయిలా అమ్మమ్మ "పరిశుద్ధ మరియమ్మా" అంది. నోరు తెరుచుకునే ఉంది, కళ్ళు పైకి ఉన్నాయి, మాట లేదు. మేమంతా తలలు వంచుకుని ఆగాం. ఎంతకీ కదలదు. నా జ్ఞానపుత్రిక తండ్రి రిగొబెర్తో మోకాళ్ళ మీద నాదాకా వచ్చి, చెవిలో, "కొమాద్రే, అమ్మమ్మకి దర్శనమవుతున్నట్టుంది, ఎవరూ దగ్గొద్దు" అన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు. ఒకావిడ కొత్త కొవ్వొత్తి వెలిగించింది. దర్శనం కాదు, పాడూ కాదు. నువ్వు నా ఫోన్‌ని ఆపేశావు. ఏది ఎవరిదో చూసుకోకుండా, వరుసగా అన్నింటినీ గీకిపారేశావు. నిజం తెలిశాక ఆ ఏడ్చిన ఆడవాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

మర్నాడు అవతలి గట్టునుంచి సొయిలా అమ్మమ్మ నోటికి చేతులడ్డం పెట్టుకుని కేకేసింది. "ఎడెల్మిరా, నీ తమ్ముడికి జపాలు నేర్పింది నేనే. అప్పుడు కూడా వాడు పలక మీద ఎవరూ చూడకుండా చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ పలక మీద ఏమీ ఉండేది కాదు" అంది. వాగు హోరులో కూడా ఊరంతటికీ వినపడింది.

తర్వాత నువ్వు ఇంకో అడుగు వేశావు. "ఒకణ్ణి ఆపితే కొత్త నంబరుతో ఇంకొకడొస్తున్నాడు, ఇది ఒక ముఠా" అన్నావు. ఆపడం మానేసి, నువ్వు రాసుకున్న ఫోన్లు తప్ప ఇంకేవీ లోపలికి రాకుండా కట్టేశావు. రావాలంటే ప్రతి ఫోన్‌కీ పుట్టుకతో వచ్చే నంబరు ఒకటుంటుందట, అది పంపమన్నావు. నేను నీ మాట కాదనలేదు. జపమయ్యాక, కాఫీ పోసేముందు, అందర్నీ నంబర్లు అడిగాను. దేవమాత ఎదురుగా. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. సగం మంది ఫోన్ చేసే నంబరు చెప్పారు. ఒకావిడ గుర్తింపు కార్డు తీసి చదివింది. ఇంకొకావిడ భయపడి పెళ్ళి ఎప్పుడయిందో కూడా చెప్పేసింది. రిగొబెర్తో మాత్రం చెప్పనంటే చెప్పనన్నాడు. తన కూతురికి నేను జ్ఞానమాతనని కూడా చూడకుండా, అందరి ముందూ, "పాపాలు చెప్పుకోవడానికి ఫాదరున్నాడు, నంబర్లు చెప్పుకోవడానికి క్లేవెరున్నాడు. ఇక స్వర్గం వాకిట్లో పేతురు గారికి పనేముంది కొమాద్రే? ఆయన్ని వచ్చి మన మొక్కజొన్నకి కలుపు తీయమను" అన్నాడు. నవ్వని వాళ్ళు లేరు. నేను నవ్వలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి నవ్వాను.

సరైన నంబర్లు ఏరి, శ్మశానం గుట్ట ఎక్కి, నీకు చదివి వినిపించాను. నువ్వు రాసుకున్నావు. గుట్ట దిగి వచ్చి చూస్తే ఒక్క ఫోన్ కూడా లోపలికి వెళ్ళలేదు. నా ఫోన్ కూడా. క్లేవెర్, నీకు గోచీ కట్టింది నేను. స్నానం చేయించింది నేను. నా ఇంట్లో, నేను రోజూ దుమ్ము తుడిచే డబ్బా, నేనెవరో తెలియదంటోంది.

ఎందుకు వెళ్ళలేదో ఇంట్లో తెలిసిన మనిషి ఒకరు చెప్పారు. ఇప్పటి ఫోన్లు వైఫైకి తమ పుట్టు నంబరు చూపించవట. ముసుగు నంబరు ఒకటి వేసుకుని వెళ్తాయట. ఎవరూ వాటి వెంటపడి ఎక్కడెక్కడ తిరిగాయో కనిపెట్టకుండా అలా చేశారట. ఫోన్‌తో ఈ వైఫైని మర్చిపొమ్మని చెప్పి మళ్ళీ కలిపితే, ఆ ముసుగు పోయి ఇంకో ముసుగు వస్తుందట. కాబట్టి నేను నీకు చదివిన నంబర్లు ఒకటి, నీ డబ్బాకి కనపడేవి ఇంకొకటి. ఇది నీకు తెలియదని నేననుకోను. నీ పనే ఇది. కోపంలో మర్చిపోయావు. నువ్వనే ముఠా సంగతి కూడా ఇందులోనే ఉంది. దాని గురించి వీలైతే చివర్లో రాస్తాను.

నిన్న గుట్ట దిగుతుంటే మన గోధుమరంగు కోడి గుర్తొచ్చింది. నీకు గుర్తుందో లేదో. అప్పుడు నీకింకా పాలపళ్ళే. పక్కింటి కోళ్ళు మన గింజలు తింటున్నాయని, మన కోళ్ళన్నింటి కాళ్ళకీ ఎర్ర ఊలు దారం కట్టావు. దారం లేని కోడి వాకిట్లో అడుగుపెడితే రాయి విసిరేవాడివి. పొద్దుట్నుంచి సాయంత్రందాకా గుమ్మంలో అదే కాపలా. అన్నానికి పిలిచినా వచ్చేవాడివి కాదు. ఒకరోజు గోధుమరంగు దాని దారం ఊడిపోయింది. అది మన కోడి. నీ ఒళ్ళో పడుకునేది. దాన్ని వాగుదాకా తరిమావు. మళ్ళీ మన ఇంటికి రాలేదు. రిగొబెర్తో వాళ్ళ గంపలో గుడ్లు పెట్టుకుంది. నువ్వు మంచం కింద దూరి ఏడ్చావు. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. నేనూ అనలేదు. అప్పుడు అని ఉండాల్సిందేమో.

గుమ్మం మీద నువ్వు పెట్టిన కెమెరా గురించి కూడా అడిగావు. పూలు తప్ప ఏమీ కనపడటం లేదన్నావు. కనపడదు. అది దేవమాత తోరణం. అడవిపూలు వాడిపోతే కాగితం గులాబీలు కట్టారు. తోరణాన్ని నేను తీయను. నీ కెమెరా కోసం తల్లి గుమ్మాన్ని బోడిగా పెట్టలేను. రిగొబెర్తో తోరణం కిందనుంచి వచ్చినప్పుడల్లా టోపీ తీసి కెమెరాకి దండం పెట్టి, "క్లేవెర్ అయ్యగారికి మచాలా నుంచి అన్నీ కనపడతాయి, కనపడాల్సింది తప్ప" అంటున్నాడు. ఆయన నోటికి నేను తాళం వేయలేను.

నార్సిసా సంగతి ఏమైనా తెలిసిందా అని ప్రతిసారీ అడుగుతున్నావు. నిన్న కూడా, అరిచి అరిచి అలసిపోయాక, గొంతు తగ్గించి అడిగావు. కార్నివాల్ పండగప్పుడు వెళ్ళిపోయిన పెళ్ళాం కోసం ఆమె పుట్టింటికి రెండుసార్లు వెళ్ళొచ్చావని, పాత నంబరు ఇప్పుడు ఎవరిదో అయిపోయిందని, రాత్రిళ్ళు అన్నం పోవడం లేదని చెప్పావు. విన్నాను. దేవుడి నీడలో ఉంది అన్నాను. అది అబద్ధం కాదు. నేను అబద్ధం చెప్పను, నీకు తెలుసు. ఆమె కోసం రోజూ జపం చేస్తున్నాను. నీ కోసం కూడా. నీకు కొంచెం ఎక్కువ పడుతోంది.

ఇప్పుడు నాకు కావలసింది చెప్తాను. వంతెన కోసం ఈ ఆదివారం రెండు గట్లవాళ్ళం కలిసి పనిచేస్తాం. దుంగలు కొట్టి ఉంచారు. మధ్యాహ్నానికి వంతెన నిలబడుతుంది. సాయంత్రం దేవమాత వాగు దాటుతుంది. శనివారం రాత్రి మన ఇంట్లో వీడ్కోలు జపం. అవతలి గట్టునుంచి సొయిలా అమ్మమ్మే చెప్పించాలి. ఆవిడకి తొంభై దాటాయి. పెళ్ళయి ఈ లోయకి వచ్చినప్పటినుంచి ఒక్క మే నెల కూడా తప్పలేదు. వచ్చే మే నెలకి ఉంటుందో లేదో ఆవిడకే తెలియదు. "ఈసారి వీడ్కోలు చెప్పకుండా పోతే తల్లి నన్ను గుర్తుపట్టదేమో" అని మనవరాలితో అందట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర లేదు.

శనివారం లోపు ఆ కట్టడి తీసెయ్యి. మొత్తం తీసెయ్యి. నీకు తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు అని ఏరకు. ఎవరు కలిసినా కలవనీ. ఒకరి ఫోన్ కలిసినంత మాత్రాన మన ఇల్లు తరిగిపోదు. తీయకపోతే నేనేమీ గొడవ చేయను. డబ్బా తీగ పీకి, అంతోనీ గారి చోటు ఆయనకిచ్చేసి, అందర్నీ వెంటబెట్టుకుని శ్మశానం గుట్ట ఎక్కుతాను. వానలో, ఆ బురదలో, కొవ్వొత్తులతో. అమ్మ సమాధి దగ్గర మోకాళ్ళూని జపం చేస్తాం. ఎందుకిలా చేయాల్సి వచ్చిందని ఫాదర్ అడిగితే ఉన్నమాట చెప్తాను.

వేళకి తిను. చీజ్ ఎండలో పెట్టకు.

నీ మేలు కోరి రోజూ మోకాళ్ళూనే
నీ పెద్దక్క
ఎడెల్మిరా

తా.క. ఉత్తరం మడిచాక మళ్ళీ విప్పాను. పైన రాసిందంతా చదివి వినిపించాను. వినాల్సిన మనిషి విని, "ఇక రాసెయ్యి వదినా" అంది. అందుకని రాస్తున్నాను.

ముఠా లేదు. ఒక్కటే ఫోన్. నువ్వు ఆపినప్పుడల్లా వైఫైని మర్చిపొమ్మని చెప్పి, కొత్త ముసుగుతో మళ్ళీ వచ్చింది. అది నార్సిసాది. ముసుగుల సంగతి నాకు చెప్పింది ఆమే. నీ దగ్గరే నేర్చుకుందట.

ఇన్నాళ్ళూ క్వెంకాలో ఒక బేకరీలో పనిచేసింది. దేవమాత మన ఇంటికి వచ్చిన సాయంత్రం, ఊరేగింపు వెనక, తలమీద శాలువా కప్పుకుని, కొవ్వొత్తి పట్టుకుని, అందరితోపాటు లోపలికి వచ్చింది. తలుపు తెరిచి ఉంది. నేను ఎందుకొచ్చావని అడగలేదు. కాఫీలో చక్కెర ఎంత అని అడిగాను. నీ గదిలోనే పడుకుంటోంది. పుట్టింటికి వెళ్తే నువ్వు వెతుకుతావు, నీ సొంత ఇంట్లో మాత్రం వెతకవు అంది. నిజమే, వెతకలేదు. కాగితం గులాబీలు కట్టింది కూడా ఆమే. రిగొబెర్తోకి తెలుసు. సొయిలా అమ్మమ్మకి తెలుసు. లోయలో నీ కెమెరాకి తప్ప అందరికీ తెలుసు.

ఎందుకు వెళ్ళిపోయిందో కూడా చెప్పింది. రొట్టె కొనడానికి వెళ్తే అంతసేపెందుకు పట్టిందని అడిగేవాడివట. ఆమె ఎక్కడుందో నీ ఫోన్ నీకు చెప్పేదట. నువ్వు కొట్టలేదు, తిట్టలేదు. అది నేను అడిగి తెలుసుకున్నాను. కానీ నువ్వు మొదటిసారి ఆమె ఫోన్‌ని ఆపిన రోజు, అది తనదని నీకు తెలియకపోయినా, ఆమె నవ్వింది. రెండోసారీ నవ్వింది. తర్వాత ఒకరోజు జపం మధ్యలో ఆగిపోతే, ఫోన్ బోర్లించి పెట్టి, "కాపురంలో కూడా ఇంతే వదినా, నేను ఎదురుగా ఉన్నా ఎవరో అన్నట్టే చూసేవాడు" అంది. ఆ రోజు నవ్వలేదు.

నిన్ను రమ్మని ఆమె అనలేదు. రావద్దని కూడా అనలేదు. మాట్లాడాలనుకుంటే ఫోన్‌లో కాదు, నా వంటింట్లో, మొహం చూసి మాట్లాడాలంది. మచాలా వస్తుందని నేను ఆమె తరఫున మాటివ్వను.

దేవమాత ఆదివారం సాయంత్రం వాగు దాటుతుంది. అందాకా మన తలుపుకి గడియ ఉండదు, ఎవరొచ్చినా ఎందుకొచ్చావని అడగను. ఆ రాత్రి నుంచి మామూలుగా గడియ వేస్తాను. లోపలి నుంచి తీయాలో వద్దో నార్సిసా చెప్తుంది.